నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో మార్పు: ఫీచర్ ఫ్లాగులు, డైనమిక్ కాన్ఫిగరేషన్

ఫీచర్ ఫ్లాగ్ అంటే ప్రోగ్రాములో రాసే ఒక షరతు. ఆ షరతును తేల్చే విలువ ప్రోగ్రాము లోపల ఉండదు; బయట వేరే చోట భద్రపరిచి ఉంటుంది. ఆ విలువ ‘ఆన్’ అయితే ప్రోగ్రాము కొత్త దారిలో నడుస్తుంది, ‘ఆఫ్’ అయితే పాత దారిలో. కోడ్ ముట్టుకోకుండా, సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టకుండా దాన్ని మార్చవచ్చు. ఇలాగే ఒక సంఖ్యనో, జాబితానో, నియమాల పట్టికనో బయట ఉంచి, సాఫ్ట్‌వేర్ నడుస్తుండగానే మార్చగలిగితే దాన్ని డైనమిక్ కాన్ఫిగరేషన్ అంటారు. జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగాలి, ఒక వినియోగదారుడు నిమిషానికి ఎన్నిసార్లు అడగవచ్చు, ఏ దేశంలో ఏ చెల్లింపు పద్ధతులు చూపాలి అనేవన్నీ ఆ కోవలోవే. ఫ్లాగ్ కూడా నిజానికి ఒక కాన్ఫిగరేషన్ విలువే. రెండింటినీ వేర్వేరు విభాగాలు చూసుకునే సంస్థలు ఉన్నాయి కానీ, వాటి గుణదోషాలు ఒక్కటే కనుక ఇక్కడ కలిపే పరిశీలిద్దాం.

ఈ పద్ధతి రాకముందు రెండు పనులు ఒకటిగా ఉండేవి: కోడ్‌ను సర్వర్ల మీదికి చేర్చడం, దాన్ని జనం ముందుకు తేవడం. మొదటిది డిప్లాయ్, రెండోది రిలీజ్. టికెట్లు అమ్మే ఒక సంస్థ తన చెల్లింపు పేజీని కొత్తగా రాయించిందనుకుంటే, ఫ్లాగ్ ఆఫ్‌లో పెట్టి ఆ కోడ్‌ను సోమవారమే సర్వర్ల మీద ఉంచవచ్చు. మంగళవారం సొంత ఉద్యోగులకు తెరవవచ్చు, గురువారం నూటికి ఐదుగురికి, అంతా సవ్యంగా ఉంటే మరుసటి వారం అందరికీ. మధ్యలో చెల్లింపులు విఫలమవుతున్నాయని తెలిస్తే ఫ్లాగ్ ఆఫ్ చేస్తే చాలు. పాత కోడ్‌ను మళ్లీ బిల్డ్ చేసి అన్ని సర్వర్లకూ పంపడానికి పట్టే సమయం ఆదా అవుతుంది. చెల్లింపులు ఆగిపోయిన వేళ ఆ సమయం చాలా విలువైనది.

కాన్ఫిగరేషన్‌ను కోడ్ నుంచి వేరుచేయాలన్న ఆలోచన పాతదే. ముందు అది సర్వర్ మీద ఒక ఫైలుగా ఉండేది. హెరోకూ సంస్థ ఇంజినీర్ల అనుభవం నుంచి 2011 ప్రాంతంలో వచ్చిన ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ సూత్రాలు దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టమన్నాయి. ఫైలైనా వేరియబులైనా విలువ మారితే ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి రావడం మామూలే. వందల సర్వర్ల మీద నడిచే వెబ్‌సైట్లకు అది సరిపోలేదు. ఫేస్‌బుక్ 2008లో చాట్ సౌకర్యం తెచ్చేముందు, తెర మీద ఏమీ కనిపించకుండానే వినియోగదారుల బ్రౌజర్ల నుంచి చాట్ సర్వర్లకు అభ్యర్థనలు పంపించి, అవి భారం మోయగలవో లేదో చూసుకుంది. దీన్ని డార్క్ లాంచ్ అన్నారు. 2009 డిసెంబరులో ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్ ఫ్లికర్ ఇంజినీర్లు తమ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. వారు కొత్త పని కోసం వేరే బ్రాంచి తెరిచేవారు కాదు. అందరూ ఒకే ప్రధాన కోడ్‌లో రాసేవారు. పూర్తికాని భాగాలను ఫ్లాగ్ వెనక దాచేవారు. రోజుకు అనేకసార్లు డిప్లాయ్ చేయడం వారికి సాధ్యమైంది అందువల్లే. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ రచనల ద్వారా ఈ పద్ధతి ‘ఫీచర్ టాగుల్’ అన్న పేరుతో కూడా వ్యాపించింది.

ఫౌలర్ వెబ్‌సైట్‌లోనే పీట్ హాడ్జ్‌సన్ రాసిన విస్తృత వ్యాసం ఫ్లాగులను నాలుగు రకాలుగా విభజించింది. ఆ విభజనకు ఆధారం ప్రతి ఫ్లాగ్ ఎంతకాలం బతుకుతుంది, దాని విలువ ఎంత తరచుగా మారుతుంది అన్నది. రిలీజ్ ఫ్లాగ్ ఆయుష్షు రోజులు, వారాలు. రెండు రూపాలను పోల్చి చూసే ప్రయోగ ఫ్లాగ్ ఫలితం తేలేదాకా ఉంటుంది. భారం పెరిగినప్పుడు సిఫారసుల పెట్టెనో వెతుకులాట సూచనలనో ఆపేందుకు వాడే ఆపరేషన్స్ ఫ్లాగ్ ఏళ్ల తరబడి ఉండవచ్చు. కిల్ స్విచ్ అనేది ఈ జాతిదే. డబ్బు కట్టిన చందాదారులకు మాత్రమే ఒక సౌకర్యం చూపించే పర్మిషన్ ఫ్లాగ్ దాదాపు శాశ్వతం. అయితే ఈ చివరి రకాన్ని ఫ్లాగ్ వ్యవస్థలో ఉంచడం మంచి అలవాటు కాదు. ఎవరు ఏమి కొన్నారన్నది వ్యాపార సమాచారం. దాని చోటు డేటాబేస్. రిలీజ్ కోసం కట్టిన వ్యవస్థ మీద అది ఆధారపడితే, ఎవరో ఫ్లాగులు శుభ్రం చేసిన రోజున చందాదారుల హక్కులు పోతాయి.

ఇక ఫ్లాగ్ లోపల జరిగేదేమిటి? విలువలు, నియమాలు ఒక కేంద్ర నిల్వలో ఉంటాయి. ప్రతి సర్వర్‌లోని ప్రోగ్రాములో ఒక చిన్న లైబ్రరీ ఉంటుంది. ప్రోగ్రాము మొదలైనప్పుడు అది నియమాలన్నీ తెచ్చుకుని మెమరీలో పెట్టుకుంటుంది. తర్వాత ప్రతి అభ్యర్థనకూ కేంద్రాన్ని అడగదు; తన దగ్గరున్న నియమాలతో అక్కడికక్కడే తేల్చేస్తుంది. ఒక పేజీ కోసం ముప్పై ఫ్లాగులు చూడాల్సి వస్తే, ముప్పైసార్లు నెట్‌వర్క్ దాటి వెళ్లడం ఏ వెబ్‌సైటూ భరించలేదు. నియమాలు మారినప్పుడు కేంద్రమే కబురు పంపుతుంది, లేదా లైబ్రరీ కొంత వ్యవధికోసారి వెళ్లి చూసి వస్తుంది. అమెజాన్ క్లౌడ్‌లోని యాప్‌కాన్ఫిగ్ ఏజెంట్ మామూలుగా 45 సెకన్లకోసారి చూస్తుంది. అంటే ఆ 45 సెకన్లలో ఒక సర్వర్‌కు కొత్త విలువ తెలిసి, పక్క సర్వర్‌కు తెలియకపోవచ్చు. ఒకే కొనుగోలు ఐదారు సర్వీసుల గుండా సాగే చోట ఈ తేడా ప్రమాదం. మొదటి సర్వీసు ఫ్లాగ్ చూసి తేల్చిన జవాబును అభ్యర్థనతో పాటే మిగతా వాటికి పంపడం దీనికి విరుగుడు. తలా ఒకసారి తేల్చుకుంటే సగం కొత్త దారిలో, సగం పాత దారిలో నడిచిన ఆర్డర్లు తయారవుతాయి.

నూటికి ఐదుగురిని ఎన్నుకోవడంలోనూ ఒక చక్కని లెక్క ఉంది. ప్రతిసారీ చీటీ తీసినట్టు ఎన్నుకుంటే, పేజీ తెరిచిన ప్రతిసారీ వినియోగదారుడికి ఒకసారి కొత్తది, ఒకసారి పాతది కనిపిస్తుంది. అందుకే వినియోగదారుడి గుర్తింపు సంఖ్యను, ఫ్లాగ్ పేరును కలిపి హ్యాష్ చేస్తారు, అంటే వాటిని ఎప్పుడూ ఒకే జవాబిచ్చే లెక్కతో ఒక సంఖ్యగా మారుస్తారు. వచ్చిన సంఖ్యను వందతో భాగిస్తే మిగిలే శేషం 0 నుంచి 99 లోపు ఉంటుంది. శేషం 5 కన్నా తక్కువైన వారికి కొత్త పేజీ. శేషం 3 వచ్చిన వ్యక్తికి ఎప్పుడు లెక్కించినా 3 వస్తుంది కాబట్టి అతని అనుభవం మారదు. ఐదును ఇరవైకి పెంచితే పాతవారు ఎవరూ జారిపోరు, కొత్తవారు చేరతారు. ఫ్లాగ్ పేరు కలపకపోతే ప్రతి ప్రయోగంలోనూ మొదట ఇరుక్కునేది అదే ఐదు శాతం జనం. సంస్థ చేసే పచ్చి ప్రయోగాలన్నీ వారే భరిస్తారు, ప్రయోగాల ఫలితాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లాగిన్ కాకముందు గుర్తింపు సంఖ్య ఉండదు. అప్పుడు కుకీ మీద ఆధారపడాలి. ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఇంకొకటి కనిపించడం అక్కడే మొదలవుతుంది.

కేంద్ర నిల్వ అందకపోతే ఏం చేయాలన్నది ఫ్లాగ్ రాసేటప్పుడే నిర్ణయించాలి. కోడ్‌లో ప్రతి ఫ్లాగ్‌కూ ఒక డిఫాల్ట్ విలువ రాస్తారు. అది ఏ రోజున అవసరపడుతుందో తెలియదు కనుక చాలామంది పట్టించుకోరు. ఏడాది క్రితమే అందరికీ తెరిచిన సౌకర్యానికి డిఫాల్ట్ ఇంకా ‘ఆఫ్’ అని ఉంటే, ఫ్లాగ్ సర్వీసు పడిపోయిన రోజున ఆ సౌకర్యం మాయమవుతుంది. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2015లో ఎస్‌ఓఎస్‌పీ అనే కంప్యూటర్ వ్యవస్థల సదస్సులో సమర్పించిన పత్రంలో తమ కాన్ఫిగరేషన్ వ్యవస్థను వర్ణించారు. అక్కడ ప్రతి సర్వర్ తనకు చివరిగా అందిన విలువలను డిస్కు మీద కూడా దాచుకుంటుంది. కేంద్రం, మధ్య దశలు అన్నీ పోయినా ప్రోగ్రాము డిస్కు మీది విలువతో నడుస్తుంది. పాత విలువతో నడవడం, ఏ విలువా లేకుండా ఆగిపోవడం కన్నా మేలు అన్న ఆ నిర్ణయం సరైనదే.

ఆ పత్రంలో అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. వారు కాన్ఫిగరేషన్‌ను కోడ్‌లాగానే చూశారు. ఇంజినీరు విలువలను చేత్తో టైపు చేయడు. చిన్న ప్రోగ్రాముగా రాస్తాడు. అది కంపైల్ అయి జేసన్ రూపంలో ఫైలు తయారవుతుంది. విలువల మీద పెట్టిన షరతులను కంపైలర్ సరిచూస్తుంది. మరో ఇంజినీరు సమీక్షించాలి. ముందు కొద్ది సర్వర్ల మీద మాత్రమే నడిపి చూసే కానరీ పరీక్ష జరగాలి. ఆ తర్వాతే మిగతా సర్వర్లకు చేరాలి. కోట్లమంది వాడే వ్యవస్థలో ఒక సంఖ్య మారడానికి ఇంత తతంగమా అనిపించవచ్చు. గత పదిహేనేళ్లలో జరిగిన పెద్ద వైఫల్యాల్లో కొన్నిటిని దగ్గరగా చూస్తే ఆ అనుమానం తీరుతుంది.

అమెరికా షేర్ మార్కెట్‌లో పెద్ద దళారీ సంస్థ నైట్ క్యాపిటల్. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2012 ఆగస్టు 1న చిన్న మదుపరుల కోసం కొత్త పథకం మొదలుపెట్టబోతుండగా, ఆ సంస్థ తన ఆర్డర్లు పంపే సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. కొత్త కోడ్‌ను మేల్కొల్పడానికి ఆర్డర్‌తో పాటు వెళ్లే ఒక ఫ్లాగ్ కావాలి. కొత్తది పెట్టకుండా, ఒకప్పుడు ‘పవర్ పెగ్’ అనే సౌకర్యానికి వాడిన పాత ఫ్లాగ్‌నే వాడుకున్నారు. పవర్ పెగ్ వాడకం 2003లోనే ఆగిపోయింది, కానీ దాని కోడ్ సర్వర్ల మీద అలాగే ఉంది. పైగా, కొనాల్సినన్ని షేర్లు కొన్నాక ఆగమని చెప్పే లెక్కింపు భాగాన్ని 2005లో అక్కడి నుంచి వేరే చోటికి జరిపారు. ఆ తర్వాత పవర్ పెగ్‌ను ఎవరూ పరీక్షించలేదు. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లకు చేరాల్సింది, ఏడింటికే చేరింది. ఎనిమిదో దాన్ని సరిచూసిన రెండో మనిషి లేడు.

ఉదయం తొమ్మిదిన్నరకు మార్కెట్ తెరుచుకుంది. ఏడు సర్వర్ల మీద ఆ ఫ్లాగ్‌కు కొత్త అర్థం, ఎనిమిదో దాని మీద తొమ్మిదేళ్ల కిందటి అర్థం. అక్కడ మేల్కొన్న పవర్ పెగ్‌కు ఆగడం తెలియదు. 212 చిన్న ఆర్డర్ల కోసం 45 నిమిషాల్లో లక్షల ఆర్డర్లు మార్కెట్‌లోకి వెళ్లాయి. 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి. చేతులు మారిన షేర్లు 39.7 కోట్లకు పైనే. తప్పెక్కడో తెలియక సాంకేతిక సిబ్బంది సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేశారు. ఫ్లాగ్ మాత్రం ఆన్‌లోనే ఉంది. దాంతో ఎనిమిది సర్వర్లూ పవర్ పెగ్‌ను నడపసాగాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైబడింది. మరుసటి ఏడాది నైట్, గెట్కో అనే మరో సంస్థలో కలిసిపోయింది. 2013 అక్టోబరులో సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

ఈ ఉదంతాన్ని ఒక సర్వర్‌ను మరిచిపోయిన కథగా చెప్పడం రివాజు. అది సరికాదు. సర్వర్‌ను మరిచిపోవడం ఎక్కడైనా జరుగుతుంది. చచ్చిన కోడ్‌ను తొమ్మిదేళ్లు ఉంచుకోవడం, పాత ఫ్లాగ్‌కు కొత్త అర్థం ఇవ్వడం, కోడ్ వెనక్కి తీసేటప్పుడు ఫ్లాగ్ స్థితిని చూసుకోకపోవడం – ఈ మూడూ లేకపోతే ఎనిమిదో సర్వర్ ఆ కొత్త పథకంలో పాల్గొనలేక ఊరుకునేది, అంతే.

గూగుల్ క్లౌడ్‌కు 2025 జూన్ 12న జరిగింది దీనికి అటువైపు కోణం: ఫ్లాగ్ లేకపోవడం వల్ల వచ్చిన వైఫల్యం. ప్రతి అభ్యర్థననూ అనుమతించవచ్చో లేదో తేల్చే సర్వీస్ కంట్రోల్ అనే భాగానికి మే 29న కోటాలను సరిచూసే కొత్త కోడ్ చేర్చారు. ప్రాంతాలవారీగా క్రమంగానే పంపారు. అయితే ఆ కోడ్ నడవాలంటే ఒక రకం విధాన సమాచారం రావాలి; పంపే దశలో అది రాలేదు కనుక కోడ్ ఎక్కడా నడవలేదు, అందులోని లోపం బయటపడలేదు. జూన్ 12న ఖాళీ గడులున్న ఒక విధానం డేటాబేస్‌లో చేరింది. కోటాలు ప్రపంచమంతటికీ వర్తించేవి కావడంతో అది సెకన్లలో అన్ని ప్రాంతాలకూ కాపీ అయింది. ఖాళీ విలువను తట్టుకునే జాగ్రత్త కోడ్‌లో లేదు. అన్ని ప్రాంతాల్లోనూ సర్వీస్ కంట్రోల్ ఒకేసారి కూలి, లేచి, మళ్లీ కూలసాగింది. ఇంజినీర్లు పది నిమిషాల్లోనే కారణం పట్టుకున్నారు, ఆ దారిని మూసే రెడ్ బటన్‌ను 40 నిమిషాల్లో అంతటా అమలు చేశారు. అయినా అమెరికాలోని ఒక పెద్ద ప్రాంతం కోలుకోవడానికి రెండున్నర గంటలకు పైగా పట్టింది, ఎందుకంటే అన్ని సర్వర్లూ ఒకేసారి లేచి కింది డేటాబేస్ మీద పడ్డాయి. ఆ మార్పును ఫ్లాగ్ వెనక ఉంచి ఉంటే పరీక్ష దశలోనే పట్టుబడేదని గూగుల్ తన నివేదికలో రాసింది.

కోడ్ క్రమంగా వెళ్లింది, డేటా ఒక్కసారిగా వెళ్లింది. ఇదే లోపం 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ విషయంలో ఇంకా పెద్దగా కనిపించింది. ఆ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్ కోడ్‌కు దశలవారీ విడుదల ఉండేది. వేగంగా పంపే కాన్ఫిగరేషన్ ఫైళ్లకు ఉండేది కాదు. భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి వెళ్లిన ఒక ఫైలు 21 విలువలను ఆశించింది. కోడ్ ఇచ్చేది 20 మాత్రమే. 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు అప్పటికే దెబ్బతిన్నాయి. కూలిన యంత్రం కొత్త ఫైలును తెచ్చుకునేదాకా నిలబడలేదు కనుక చాలా వాటిని మనుషులు వెళ్లి ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లిన ఒక ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా చూసింది.

వెబ్‌సైట్ల రాకపోకలను మోసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థకు 2025 నవంబరు 18న వచ్చిన ఇబ్బంది కూడా ఒక ఫైలు వల్లే. స్వయంచాలక ప్రోగ్రాములైన బాట్‌లను గుర్తించే ఫైలు ఐదు నిమిషాలకోసారి తయారై ప్రపంచమంతా వెళుతుంది. డేటాబేస్ అనుమతుల్లో చేసిన మార్పు వల్ల అందులో వరుసలు రెట్టింపయ్యాయి. చదివే ప్రోగ్రాములో 200 అంశాల పరిమితి ఉంది. అది దాటగానే ప్రోగ్రాము కూలిపోయింది. మొదట్లో ఒకసారి మంచి ఫైలు, ఒకసారి చెడ్డ ఫైలు తయారవుతుండటంతో నెట్‌వర్క్ లేస్తూ పడుతూ ఉంది. ఇంజినీర్లు బయటి దాడి అనుకున్నారు. సొంత వ్యవస్థ తయారుచేసిన ఫైలును కూడా పరాయివాడు పంపినదానిలాగే అనుమానించి సరిచూడాలన్నది అప్పుడు ఆ సంస్థ తీసుకున్న నిర్ణయం. మూడు వారాలు తిరగకముందే, డిసెంబరు 5న మరో దెబ్బ. ఒక అంతర్గత పరీక్షా సాధనాన్ని ఆపడానికి కిల్ స్విచ్ వేశారు. ఆ సాధనాన్ని నడిపే రకం నియమం మీద ఆ స్విచ్‌ను అంతకుముందు ఎప్పుడూ వాడలేదు. దాన్ని వేసిన క్షణంలో ఏళ్లుగా దాగి ఉన్న తప్పు బయటపడి, సుమారు 25 నిమిషాలు ఆ సంస్థ మోసే వెబ్ రాకపోకల్లో దాదాపు 28 శాతం దెబ్బతింది. ఆ విలువ వెళ్లిన మార్గం సెకన్లలో అంతటికీ చేరే మార్గం. క్రమంగా పంపే ఏర్పాటు దానికి లేదు.

వీటన్నిటిలో ఉమ్మడి అంశం స్పష్టం. విలువ మార్చడం కోడ్ మార్చడంతో సమానం. నడుస్తున్న ప్రోగ్రాము ప్రవర్తనను రెండూ మారుస్తాయి. పైగా విలువ వేగంగా వెళుతుంది కనుక దాని ప్రమాదం ఎక్కువ. కోడ్‌కు సమీక్ష, పరీక్ష, దశలవారీ విడుదల ఉండి, విలువకు ఒక వెబ్ పేజీ, ఒక సేవ్ బటన్ మాత్రమే ఉన్న సంస్థ తన కట్టుదిట్టాలన్నీ తప్పు ద్వారం దగ్గర పెట్టుకున్నట్టే.

సాధనాలకు కొరత లేదు. యాప్‌కాన్ఫిగ్‌లో విలువను పంపేముందు దాని ఆకారాన్ని స్కీమాతో సరిచూడవచ్చు. ఆరు నిమిషాలకోసారి 20 శాతం చొప్పున అరగంటలో పంపి, మరో అరగంట అలారాలను గమనించి, ఏది మోగినా తనంతట తానే పాత విలువకు తిరిగి వెళ్లే పద్ధతిని అమెజాన్ సిఫారసు చేస్తోంది. మైక్రోసాఫ్ట్, గూగుల్‌లకూ ఇలాంటి సేవలున్నాయి. లాంచ్‌డార్క్‌లీ వంటి సంస్థలు ఇదే వృత్తిగా పెట్టుకున్నాయి. ఓపెన్ సోర్స్‌లో అన్‌లీష్, ఫ్లాగ్‌స్మిత్ ఉన్నాయి. ఏ సేవ వాడినా కోడ్ మారకుండా ఉండేందుకు ఓపెన్‌ఫీచర్ అనే ఉమ్మడి ప్రమాణం 2022 నుంచి క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ నీడలో పెరుగుతోంది. సాధనం చేయలేనివి కొన్ని ఉన్నాయి. ఎవరు ఏ విలువను ఎప్పుడు ఎందుకు మార్చారో రాసి ఉండాలి. రాత్రి రెండింటికి లేచిన ఇంజినీరు మొదట చూడాల్సింది ఆ చిట్టానే. పాస్‌వర్డులు, రహస్య కీలు ఫ్లాగ్ వ్యవస్థలో పెట్టకూడదు. బ్రౌజర్‌కు, ఫోన్‌కు పంపే నియమాలను ఎవరైనా తెరిచి చదవగలరు. రాబోయే సౌకర్యాల పేర్లు అలా ముందే బయటపడుతుంటాయి.

అన్నిటికన్నా తక్కువ అర్థమైన విషయం డేటా సంగతి. ఫ్లాగ్ ఆఫ్ చేస్తే కోడ్ వెనక్కి వెళుతుంది, రాసిన డేటా వెనక్కి వెళ్లదు. కొత్త దారి రెండు గంటల పాటు చిరునామాలను కొత్త ఆకారంలో భద్రపరిస్తే, ఆఫ్ చేసిన తర్వాత పాత దారి వాటిని చదవలేక కూలుతుంది. అందుకే ముందుగా పాత కోడ్‌కు రెండు ఆకారాలూ చదవడం నేర్పాలి; తర్వాతే కొత్త ఆకారంలో రాసే ఫ్లాగ్ ఆన్ చేయాలి; పాత ఆకారాన్ని తీసేయడం చిట్టచివర. ఈ వరుస తప్పిన చోట ఆఫ్ బటన్ ఉన్నా లేనట్టే.

ఫ్లాగులు పెరిగేకొద్దీ పరీక్షించాల్సిన కలయికలు రెట్టింపవుతూ పోతాయి. పది ఫ్లాగులకు 1,024 కలయికలు, ఇరవైకి పది లక్షలకు పైనే. అన్నిటినీ ఎవరూ పరీక్షించలేరు. ఈ రోజు ప్రొడక్షన్‌లో, అంటే అసలు వినియోగదారుల ముందు ఉన్న కలయిక, రేపు మారబోయే కలయిక, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లే కలయిక – ఈ మూడింటినీ తప్పక పరీక్షించాలి. అసలు పరిష్కారం పని అయిపోయిన ఫ్లాగులను తొలగించడం. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు. ఫ్లాగ్ పెట్టిన ఇంజినీరు వేరే బృందానికి వెళ్లిపోతాడు. తీసేస్తే ఏమవుతుందోనన్న భయంతో మిగతావారు దాని జోలికి పోరు. ఉబర్ ఈ సమస్యకు యంత్రాన్నే వాడింది. పిరాన్హా అనే సాధనం వాడకం ముగిసిన ఫ్లాగ్‌ను, దాని వెనక మిగిలిన చచ్చిన కోడ్‌ను కత్తిరించి, ఆ మార్పును ఫ్లాగ్ పెట్టిన వ్యక్తికే సమీక్ష కోసం పంపుతుంది. 2020లో దాన్ని బయటికి విడుదల చేసేనాటికి ఆ సంస్థ సుమారు రెండు వేల ఫ్లాగులను అలా తొలగించింది. ఇలాంటి సాధనం లేని చిన్న సంస్థ కూడా ఫ్లాగ్ సృష్టించే ఫారంలో యజమాని పేరు, తొలగించే తేదీ అన్న రెండు గడులను తప్పనిసరి చేయవచ్చు. తొలగించిన ఫ్లాగ్ పేరును మళ్లీ వాడనీయకుండా వ్యవస్థలోనే అడ్డుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల నుంచి ఏటా ఎందరో విద్యార్థులు ఇలాంటి వ్యవస్థలను నడిపే ఉద్యోగాల్లోకి వెళుతున్నారు. ప్రొడక్షన్‌లో విలువ మార్చే అధికారం వారి చేతికి త్వరగానే వస్తుంది. నైట్ క్యాపిటల్ మీద కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు అందరికీ ఉచితంగా దొరికే ప్రభుత్వ పత్రం. గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ తమ వైఫల్యాలపై రాసిన నివేదికలూ బహిరంగంగానే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ బోధించే అధ్యాపకులు వీటిని పాఠ్యాంశంగా తరగతిలో చదివించాలి.